జమ్మిచెట్టుకు కట్టిన చీటీ

నాకు పక్షులంటే పెద్ద ఇష్టం లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే జనం లక్షలు పోసి పక్షుల్ని చూడ్డానికి వచ్చే చోట నేను రెండున్నర నెలలు ఉన్నాను. రియాద్‌లోని మలాజ్‌లో ఒక క్లినిక్‌లో పదకొండేళ్ళుగా నర్సుని. ఒక ఏడాది ఆగస్టు చివర్లో మా క్లినిక్ వాళ్ళు పిలిచి, ఎడారిలో ఒక సఫారీ లాడ్జికి సీజన్ అయ్యేదాకా నర్సు కావాలంటున్నారు, వెళ్ళండి అన్నారు. వెళ్తారా అని అడగలేదు. నాకు ఒళ్ళు మండింది గానీ, మండితే మాత్రం ఏం చేస్తాం. పెట్టె సర్దుకున్నాను.

నజ్రాన్‌లో విమానం దిగి మూడు గంటలు బండిలో పోవాలి. చివరి గంటంతా ఇసుకే. అది రక్షిత ప్రాంతమట. గేటు దగ్గర పెద్ద బోర్డు, దానిమీద గొడ్డలి బొమ్మ గీసి అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. కింద అరబిక్‌లో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఏవేవో నిబంధనలు. లోపలికి పోతే ఇసుకరంగు గుడారాలు. పేరుకే గుడారాలు, లోపల ఏసీ, బాత్‌టబ్బు, మంచం మీద నాలుగేసి దిండ్లు. మధ్యలో జంతువులకోసం తవ్విన నీటి మడుగు, దానికెదురుగా చెక్క అరుగు. అతిథులు తెల్లవారకముందే లేచి, దుర్భిణీలు మెళ్ళో వేసుకుని ఆ అరుగు మీద గుడిలో కూర్చున్నంత నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు. చలి దేశాల నుంచి ఆఫ్రికాకు పోయే పక్షులన్నీ ఆ నెలల్లో ఆ దారినే పోతాయి. డేగలు, కొంగలు, పూరేడు పిట్టలు, ఇంకా పేరు తెలియనివి. దూరంగా కొమ్ముల దుప్పులు మందగా నీళ్ళకోసం వచ్చేవి. ఒక పిట్ట ఆకాశంలో చుక్కలా కనబడితే చాలు, పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నవ్వు కూడా పోయి, ఊరికే దిగులుగా ఉండేది. అక్కడికి వచ్చినవన్నీ రెండు రోజులుండి వెళ్ళిపోయేవే, పక్షులైనా మనుషులైనా. ఉండిపోయేది పనివాళ్ళం.

లాడ్జిలో పక్షుల గైడు కెన్యా మనిషి. భోజనాల హాలు గోడకి ఒక తెల్ల బోర్డు పెట్టి, ఆ రోజు ఏ పక్షి, ఎక్కడ, ఎన్ని గంటలకు కనబడిందో ప్రతి సాయంత్రం గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. చూడని పక్షిని చూశానని ఎప్పుడూ రాయలేదు. అందుకే నాకు అతనంటే గౌరవం. నాదీ అదే జబ్బు. నర్సింగ్ స్కూల్లో మాకు మొదట నూరిపోసింది రాయడమే. రోగి ఏం చెప్పాడో అదే రాయాలి, మనకు తోచింది కాదు, మనకు నచ్చింది కాదు. మా క్లినిక్‌లో నా రిజిస్టర్లు చూపించి కొత్తపిల్లలకు పాఠం చెబుతారు. అది నా గొప్ప. మనిషికి ఏదో ఒక గొప్ప ఉండాలి కదా.

లాడ్జి వంటగది వెనక ఒక పోర్టకాబిన్ నా క్లినిక్. అతిథులకు వచ్చేవి తలనొప్పి, ఎండదెబ్బ, కంట్లో ఇసుక. పనివాళ్ళకు వచ్చేవి అసలు జబ్బులు. అలా వచ్చినవాడే ఆయన. జగిత్యాల దగ్గర పల్లె. యాభై ఆరేళ్ళు. నీళ్ళ పైపులు, కరెంటు, ఏసీలు, ఏది చెడినా ఆయన్నే పిలవాలి. బీపీ చూపించుకోడానికి వచ్చి, పట్టీ చుట్టించుకుంటూ నా మాట విని, "సిస్టరమ్మా, మీరు ఆంధ్రోళ్ళా?" అన్నాడు. భీమవరం పక్కన అన్నాను. ఇంకేం, ఆ రోజు నుంచి టీ తాగే వేళకి క్లినిక్ మెట్ల మీద కూర్చునేవాడు. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. ఆయన మీరు నుంచి నువ్వుకి నాలుగు రోజుల్లో వచ్చేశాడు. నాకేమీ అభ్యంతరం అనిపించలేదు. ఏళ్ళ తరబడి సిస్టర్ సిస్టర్ అని పిలిపించుకున్నదానికి, నువ్వు అన్న మాట ఇంటి అన్నంలా ఉంటుంది.

రెండోవారంలో అనుకుంటాను, ఫోన్ తీసి కొన్ని ఫోటోలు చూపించాడు. ఆయన భార్య రిపోర్టులు. గర్భసంచిలో గడ్డలు. రక్తస్రావం. ఒంట్లో రక్తం ఎంత తగ్గిందో నమ్మలేక ఆ ఫోటోని పెద్దది చేసి మళ్ళీ చూశాను. కరీంనగర్ డాక్టరు పెద్దాపరేషన్ చెయ్యాలి, ముందు రక్తం ఎక్కించాలి, ఆలస్యం చేయకండి అని రాశాడు. ఆ రాత మీద తారీఖు అప్పటికే నెల దాటింది.

"ఎందుకు చేయించలేదు అన్నయ్యా?"

"నేనొస్తెనే చేయించుకుంటదట. మూడేండ్లయింది గద నేను పోక. చుట్టీ మంజూరైంది, దసరా అయినంక పది దినాలకు టిక్కెట్టు. అప్పటిదాంక ఆగుతదా చెల్లె?"

నేను సూటిగా చెప్పాను. ఆగడం మంచిది కాదు, ముందే చేయించండి అని. ఆయన వెంటనే ఇంటికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. అవతల ఆమె గొంతు నీరసంగా ఉంది గానీ మొండితనానికేమీ లోటు లేదు.

"ఆయన రాకుంట నేను ఆ బల్ల మీద పండనమ్మా. లోపలికి తోల్కపోయేటప్పుడు ముఖం చూసే మనిషి ఉండాలె గద. బిడ్డ సంతకం పెడతా అంటది, బిడ్డ సంతకం ఏం జేసుకోను? ముప్పై ఏండ్ల కాపురంల ఆయన నా దగ్గరున్నది ఏడేండ్లు. గీ ఒక్కసారన్న రమ్మను."

నాకు కోపం వచ్చింది. జాలి వచ్చింది. రక్తం తగ్గకుండా ఏం తినాలో, ఏ మాత్రలు మానకూడదో చెప్పాను. చివర్లో, అలవాటైన ధైర్యంతో, "ఆయన వస్తారమ్మా, పూచీ నాది. మీరు ఆ తారీఖుకి ఆస్పత్రిలో చేరిపోండి" అన్నాను. ఏ అధికారంతో పూచీ పడ్డానో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు నుంచి ఆయన టిక్కెట్టు తారీఖు నాకూ నోటికి వచ్చేసింది. రోజూ ఆయన రాగానే, "ఇంకా ఎన్ని దినాలు అన్నయ్యా" అనేదాన్ని. రోజూ ఒకటి తగ్గించి చెప్పేవాడు.

సెప్టెంబరు చివర్లో కరెంటు తీగల మీద నీలం పిట్టలు వాలడం మొదలైంది. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే రెక్కల్లోంచి నీలం చిమ్మేది. అతిథులకు పండగ. ఆయన మాత్రం నిచ్చెన మీద నుంచే కేక పెట్టాడు, "పాలపిట్ట! సిస్టరమ్మా, పాలపిట్ట!" అని. తెలంగాణలో దసరా రోజు పాలపిట్టని చూస్తే తలపెట్టిన పని అవుతుందట. ఊరు ఊరంతా పొలాల వెంట పిట్టను వెతుక్కుంటూ పోతారట. నేను చర్చి మనిషిని, పైగా గోదావరి దాన్ని. మా ఇంట్లో దసరా అంటే పిల్లలకు సెలవులు, అంతే. పక్షుల గైడు ఓపిగ్గా చెప్పాడు, ఇది మీ దేశపు పిట్ట కాదు, దానికి దగ్గరి చుట్టం, ఉత్తరాన ఎక్కడో పుట్టి మా ఆఫ్రికాకి పోతోంది అని. నేను తెలుగులో చెబితే ఆయన నవ్వాడు.

"చుట్టమైతే చాలదా? మంచి మాట చెప్పిపోనీకి ఇంటోళ్ళే రావాల్నా ఏంది?"

దసరా బుధవారం వచ్చింది. ఉదయం పదింటికి, నేను మందుల బీరువా సర్దుతుంటే ఆయన వచ్చాడు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కుడి అరచేతికి రుమాలు చుట్టి ఉంది, రుమాలంతా రక్తం. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏం చేసుకున్నావు అన్నయ్యా?"

"ఏం గాలె. జమ్మి ముల్లు గీసుకపోయింది."

"జమ్మా? ఇక్కడ జమ్మి ఎక్కడిది?"

"సోలార్ పలకల ఎన్క ఉన్నది గద. వచ్చిన దినమే చూసిన. వీళ్ళు గాఫ్ అంటరు. ఆకు అదే, ముల్లు అదే. జమ్మిని నేను గుర్తువట్టనా? కత్తి ముట్టలె, గొడ్డలి ముట్టలె. మూడు సుట్లు తిరిగి, మొక్కి, చేత్తోని ఇంత రెమ్మ తెంపిన. చీటీ గూడ కట్టిన. పొద్దుగాల్నే పాలపిట్ట కండ్లవడ్డది. ఇగ నాకు రంది లేదు చెల్లె, ఆమెది మంచిగైతది."

ఎడమచేత్తో చొక్కా జేబులోంచి నాలుగు సన్నటి ఆకులు తీసి నా అరచేతిలో పెట్టాడు. దసరానాడు జమ్మి ఆకుని బంగారం అని ఒకరికొకరు ఇచ్చుకుంటారట. "ఆడబిడ్డవు, నీకే ముందు ఇస్తున్న. బంగారం లెక్క ఉండు" అన్నాడు. తీసుకున్నాను. తీసుకుని యాప్రాన్ జేబులో వేసుకున్నాను. నా కళ్ళెందుకు చెమర్చాయో నాకే తెలియదు. ఆ దేశంలో అన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆడబిడ్డ అనలేదు.

గాయం కడిగాను. లోపల విరిగిన ముల్లు ముక్క తీశాను. కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చాను. ఆయన వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ రాసినట్టే రాశాను. కుడి అరచేయి, రెండు సెంటీమీటర్ల చీలిక, ముల్లు తొలగింపు. తర్వాత కారణం అని ఒక గడి ఉంటుంది. ముల్లు గుచ్చుకుంది అని రాస్తే సరిపోయేది. నేను అలా రాసే మనిషిని కాను. సోలార్ ప్యానళ్ళ వెనక ఉన్న గాఫ్ చెట్టు కొమ్మను చేత్తో విరుస్తుండగా, అని రాశాను. స్పెల్లింగు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

గేటు దగ్గర బోర్డు మీద ఏముందో నేను చదివాను. ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది, చెట్టు నుంచి ఆకు కూడా తెంపరాదని. ఆయనకు తెలిసింది గొడ్డలి బొమ్మ. అందుకే గొడ్డలి ముట్టకుండా, మొక్కి మరీ తెంపాడు. నాకు బోర్డు తెలుసు. నేను రాసే రిపోర్టు వారానికోసారి నజ్రాన్ ఆఫీసుకి పోతుందనీ తెలుసు. తెలిసి చేశానా అంటే, లేదు. రాసేటప్పుడు ఆ రెండూ నా బుర్రలో పక్కపక్కన నిలబడలేదు. చేతికి అలవాటైన పని బుర్రను అడగదు.

ఆదివారం ఉదయం సేఫ్టీ ఆఫీసర్ బండి వచ్చింది. మనదేశం మనిషే, ఉత్తరాది వాడు, మర్యాదస్తుడు. నేరుగా క్లినిక్‌కి వచ్చి, "మీ ఎంట్రీ చాలా క్లియర్‌గా ఉంది సిస్టర్. అందరూ ఇలా రాస్తే మాకు సగం పని తప్పుతుంది" అన్నాడు. నేను థాంక్యూ అన్నాను. అన్న మరుక్షణం నాకు విషయం అర్థమైంది.

ఆయన్ని పిలిచారు. చెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. తెంపిన సంగతి దాచలేదు ఆయన. హిందీలో, "నేనే తెంపిన సార్, మా పండగ" అన్నాడట. ఎవరెవరికి ఇచ్చావు అని అడిగారట. లాడ్జిలో ఇంకో ఇద్దరు తెలంగాణవాళ్ళున్నారు, వాళ్ళకీ ఇచ్చాడు, నాకూ ఇచ్చాడు. "ఎవలకియ్యలె, నేనే పెట్టుకున్న" అని చెప్పాడు. మాఫీ కోరుతూ కాగితం రాసిచ్చాడు. ఇదంతా అయ్యాక సేఫ్టీ ఆఫీసర్ మళ్ళీ నా దగ్గరికి వచ్చి ఒక ప్లాస్టిక్ కవరు బల్లమీద పెట్టాడు. అందులో ఎండిన రెమ్మ, దారం కట్టి ఉన్న చీటీ. దసరాకి జమ్మిచెట్టుకి కోరికలు రాసి కట్టడం వాళ్ళ ఆచారమట.

"ఇది తెలుగే కదా? ఫైలుకి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టండి."

అనువాదం చేసి ఇచ్చాను. ఒకటి, మా ఇంటామె ఆపరేషన్ మంచిగ కావాలె. రెండు, బిడ్డ, అల్లుడు సల్లగుండాలె. మూడు, నేను పోయేదాంక ఆమె పానం నిలవడాలె. నాలుగు, నా చుట్టీ ఆగొద్దు. ఒక్కొక్కటే నెంబరు వేసి రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే కుదురుగా వచ్చాయి.

కాగితం అందుకుంటూ చెప్పాడు, విచారణ అయ్యేదాకా అతని ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే ఊరికి పోయిరావడానికి ఇచ్చే అనుమతి, ఆపేస్తున్నామని. నేను ఆయన భార్య సంగతి చెప్పాను. రిపోర్టులు చూపించాను. నా ఎంట్రీని సరిదిద్దుకుంటానని కూడా అన్నాను, సిగ్గు విడిచి. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "సిస్టమ్‌లోకి వెళ్ళిపోయింది సిస్టర్. ఇప్పుడు మారిస్తే మీకు కూడా ఇబ్బంది" అన్నాడు. మీకు కూడా అన్న మాట నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది.

మధ్యాహ్నం టీ వేళకి ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. నేను పలకరించే ధైర్యం లేక గాజు సీసాలు తుడుస్తూ ఉండిపోయాను. ఆయనే మొదలుపెట్టాడు.

"సోలార్ కంబానికి కెమెరా ఉన్నది సూడు, నేనే బిగించిన దాన్ని. నన్నే పట్టిచ్చింది."

ఆ కెమెరా కాదు అన్నయ్యా, నేను. ఈ మాట నా నోట్లోకి వచ్చింది. అక్కడే ఉండిపోయింది. "అవునేమో" అన్నాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో రాయాలంటే పెద్దగా ఏమీ లేదు. టిక్కెట్టు తారీఖు వచ్చింది, పోయింది. ఆ రోజు ఆయన అతిథుల గుడారంలో గీజరు బాగుచేస్తూ కనిపించాడు. ఎన్ని దినాలు అని నేను అడగడం మానేశాను. అతిథులు మాత్రం వస్తూనే ఉన్నారు, గైడు బోర్డు మీద కొత్త పేర్లు రాస్తూనే ఉన్నాడు. ఒక నీలం పిట్ట భోజనాల హాలు అద్దానికి కొట్టుకుని చచ్చింది. ఆయన్నే పిలిచి తీయించారు. గడ్డపారతో ఇసుకలో గుంట తవ్వి పూడ్చి, చేతులు దులుపుకుని, పైకి తీగల వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను రోజూ ఆమెకు ఫోన్ చేసేదాన్ని. చేరిపోండమ్మా, ఆయన వెనకాలే వస్తారు అని బతిమాలేదాన్ని, తిట్టేదాన్ని కూడా. "నువ్వు పూచీ ఉన్నవు గద" అనేది. వెక్కిరింతగా కాదు, నమ్మకంగానే అనేది. అదే నన్ను కోసింది. కూతురికి విడిగా చెప్పాను, బలవంతంగానైనా తీసుకెళ్ళమని. కూతురు ఒప్పించింది. శుక్రవారం పొద్దున కారు మాట్లాడుకున్నారు. ఇంటి ముందు కారెక్కుతూ ఆమె కూలబడిపోయింది. కరీంనగర్ చేరేసరికి ప్రాణం లేదు.

ఆ కబురు ఆయనకు చెప్పింది నేనే. కూతురు నాకే ఫోన్ చేసింది, నువ్వే చెప్పు ఆంటీ అని ఏడ్చింది. నీళ్ళ ట్యాంకు పక్కన ఆయన కారుతున్న పైపుకి దారం చుడుతున్నాడు. పదకొండేళ్ళలో ఎంతోమందికి ఇలాంటి మాట చెప్పినదాన్ని, మాట ఎలా మొదలుపెట్టాలో తెలిసినదాన్ని, అన్నయ్యా అని మాత్రం అనగలిగాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. పైపు వదలకుండా అలాగే ఇసుకలో కూర్చున్నాడు. నీళ్ళు ఆయన చొక్కా మీద పడుతూ ఉన్నాయి. వాల్వు నేనే కట్టేశాను.

మర్నాడే ఆయన్ని పంపించేశారు. ఫైలు ఆఖరికి హెచ్చరికతో మూసేశారట. అంతకన్నా పెద్ద తప్పేం కాదని తేల్చారట. ఆ మాట ముందే తేల్చి ఉంటే అని నేను ఎవరిని అడగను? బండెక్కే ముందు ఆయన క్లినిక్ దగ్గరికి వచ్చాడు. అరచేతిలో మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"నువ్వు మస్తు తిప్పలువడ్డవు చెల్లె. రోజు ఫోన్ చేసినవట, బిడ్డ చెప్పింది. సొంత చెల్లె గూడ గంత చెయ్యదు."

నేను తల ఊపాను. అప్పుడైనా చెప్పాల్సింది.

సీజన్ అయ్యాక మలాజ్‌కి తిరిగొచ్చేశాను. ఇప్పటికీ రిజిస్టర్లు నేనే రాస్తాను, కొత్తపిల్లలకు నావే చూపిస్తారు. నువ్వు నిజమే రాశావు, నీ తప్పేముంది అని నా రూమ్మేట్ అంటుంది. ఆమెకు నేను చెప్పింది కూడా సగమే.

ఆ చీటీలో ఉన్నవి నాలుగు వాక్యాలు కావు, ఐదు. ఐదోది ఇది: క్లినిక్‌ల సిస్టరమ్మ గూడ సల్లగుండాలె, మంచి మనిషి. ఇంగ్లీషులో అది రాస్తే నన్నూ పిలుస్తారని, ఆకులు నువ్వూ తీసుకున్నావా అని అడుగుతారని భయం వేసింది. యాప్రాన్ జేబులో ఆ ఆకులు అప్పటికింకా ఉన్నాయి. నాలుగు రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టాను. తెలుగు రానివాడు కదా, సేఫ్టీ ఆఫీసర్ లెక్క చూసుకోలేదు. ఒక వాక్యం వదిలేయడం నాకు చేతకాక కాదు. బుధవారం ఆయన చేతికి కట్టు కట్టి, కారణం గడి ముందు కూర్చున్నప్పుడు కూడా అది నాకు చేతనవును.